బ్యాటరీతో నడిచే గిటార్ యాంప్లిఫయర్‌ను ఇంట్లో కట్టుకునేటప్పుడు దేనిని ఎంచుకోవాలి?

ఇంట్లో చిన్న గిటార్ యాంప్లిఫయర్ కట్టుకోవాలనుకునేవారిలో చాలామంది ముందుగా ఐసీని (సిగ్నల్‌ను పెంచే చిప్‌ను) ఎంచుకుంటారు, దానికి సరిపోయే బ్యాటరీని ఆ తరువాత వెతుకుతారు, స్పీకర్ సంగతిని చివరకు వదిలేసి చేతికి ఏది దొరికితే దానిని తగిలిస్తారు. ఈ వరుసను పూర్తిగా తిరగెయ్యాలని నా గట్టి అభిప్రాయం. మోత ఎంత వస్తుందో ఎక్కువగా స్పీకరే నిర్ణయిస్తుంది. పెట్టె బరువు ఎంత ఉంటుందో, ఎన్ని గంటలు వాయించుకోవచ్చో బ్యాటరీ నిర్ణయిస్తుంది. ఆ రెండూ ఖాయమైన తరువాత ఏ ఐసీ వాడాలన్న ప్రశ్నకు జవాబు దాదాపు దానంతట అదే తేలిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో పోలికలను ఆ వరుసలోనే పెడుతున్నాను.

బ్యాటరీ యాంప్లిఫయర్లు కొత్తవేమీ కావు. అమెరికాలో 1973లో వచ్చిన పిగ్‌నోస్ 7-100 ఆరు ఏఏ సెల్స్‌తో, అయిదు అంగుళాల స్పీకర్‌తో, అయిదు వాట్ల సామర్థ్యంతో పనిచేసేది, పేరున్న వాద్యకారులు కూడా దానిని ఇష్టంగా వాడారు. ఆ తరువాత ఎల్‌ఎం386 అనే ఎనిమిది కాళ్ల ఐసీ చుట్టూ ‘లిటిల్ జెమ్’, ‘రూబీ’ వంటి సర్క్యూట్లు ప్రచారంలోకి వచ్చి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగలిగిన ప్రతివారికీ ఈ పని అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు శక్తిని పెద్దగా వృథా చేయని చవకైన క్లాస్-డి యాంప్లిఫయర్ బోర్డులు, లిథియం సెల్స్ కూడా తోడవడంతో దారులు పెరిగాయి, దేనిని ఎంచుకోవాలన్న తికమక కూడా పెరిగింది.

స్పీకర్

స్పీకర్ వివరాలలో డెసిబెల్స్‌లో ఇచ్చే అంకెను సెన్సిటివిటీ అంటారు. ఒక వాట్ పవర్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో అది తెలియజేస్తుంది. పవర్‌ను రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే, అయితే మోత రెట్టింపయిందని చెవికి అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే వాట్ల మీద వ్యామోహం చాలావరకు తగ్గుతుంది.

ఉదాహరణకు, బ్లూటూత్ డబ్బాలలో ఉండే మూడు అంగుళాల చిన్న స్పీకర్ సెన్సిటివిటీ 86 డెసిబెల్స్ అనుకుందాం. దానికి మూడు వాట్లు ఇస్తే సుమారు 91 డెసిబెల్స్ వస్తాయి. గిటార్ కోసమే తయారైన సెలెషన్ గ్రీన్‌బ్యాక్ వంటి పన్నెండు అంగుళాల స్పీకర్ సెన్సిటివిటీ 98 డెసిబెల్స్. దానికి అర వాట్ మాత్రమే ఇచ్చినా 95 డెసిబెల్స్ వస్తాయి. ఆరో వంతు పవర్‌తో నాలుగు డెసిబెల్స్ ఎక్కువ మోత వచ్చిందన్నమాట. పన్నెండు అంగుళాల స్పీకర్‌ను భుజాన వేసుకుని తిరగలేము కనుక మనకు కావలసింది ఈ రెండింటికీ మధ్య రకం: ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, తేలికైన పేపర్ కోన్ (కదిలి శబ్దం పుట్టించే కాగితపు గరాటు), ఎనిమిది ఓమ్‌ల నిరోధం.

కొనేటప్పుడు కోన్ అంచును చూడండి. చుట్టూ మెత్తటి రబ్బరు అంచు ఉన్న హోమ్ థియేటర్ ఊఫర్లు బేస్ కోసం తయారైనవి. కోన్ బరువుగా ఉండి, సెన్సిటివిటీ తక్కువగా ఉండి, చిన్న బ్యాటరీ యాంప్లిఫయర్ చేత అవి సరిగా పలకవు. అంచు కూడా ముడతలు పెట్టిన కాగితమే అయి, వేలితో మెల్లగా నొక్కితే కొద్దిగా మాత్రమే లోపలికి వెళ్లే స్పీకర్లు ఈ పనికి తగినవి. పాత రేడియోలలో, టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్లలో ఉండే కోలగా ఉన్న స్పీకర్లు సాధారణంగా ఈ రకానివే, కోన్ చిరగకుండా ఉంటే అవి ఆశ్చర్యపరిచేంత బాగా పలుకుతాయి. గిటార్ లావు తీగ స్వరం 82 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది కనుక లోతైన బేస్ కోసం డబ్బు ఖర్చు చేయనక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు అయిదు వేల హెర్ట్‌జ్ పైన పలకని స్పీకర్ మంచిది, ఎందుకంటే ఆ పై భాగంలో వినిపించేది ఎక్కువగా గరగర శబ్దమే. పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) అమర్చిన అకూస్టిక్ గిటార్‌కు మాత్రం తీగ మీటిన చప్పుడులోని మెరుపు ఆ పై భాగంలోనే ఉంటుంది. అలాంటి గిటార్ వాయించేవారు కార్లలో వాడే, మధ్యలో పై స్వరాలు పలికే చిన్న ట్వీటర్ ఉన్న ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ స్పీకర్ తీసుకోవడం మేలు. అవి సాధారణంగా నాలుగు ఓమ్‌లవి, ఆ సంగతి ఐసీ దగ్గర మళ్లీ వస్తుంది.

బ్యాటరీ

చౌకగా, సులభంగా దొరికేది తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ. దాని లోపాన్ని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు: ఆల్కలైన్ రకంలో కూడా దాని సామర్థ్యం సుమారు 500 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటలు) మాత్రమే, పైగా అంతర్గత నిరోధం ఎక్కువ కావడంతో బలంగా మీటిన ప్రతిసారీ వోల్టేజి కుంగిపోతుంది. అర వాట్ మోతతో వాయిస్తే ఎల్‌ఎం386 సుమారు వంద మిల్లీఆంపియర్లు లాగుతుంది, ఆ లెక్కన మూడు నాలుగు గంటలు వస్తే గొప్ప. మామూలు జింక్-కార్బన్ రకం అయితే అంతసేపు కూడా రాదు. ఎఫెక్ట్ పెడల్‌కు ఈ బ్యాటరీ సరిపోతుంది కానీ స్పీకర్‌ను నడిపేదానికి దీనిని ఎంచుకోవద్దని చెబుతాను, పెట్టె అరచేతిలో ఇమడాలన్న పట్టుదల ఉంటే తప్ప.

అవే తొమ్మిది వోల్టులు ఆరు ఏఏ సెల్స్‌తో తెచ్చుకుంటే సామర్థ్యం నాలుగైదు రెట్లవుతుంది, అంతర్గత నిరోధం బాగా తగ్గుతుంది. ఆరు రీచార్జబుల్ నికెల్ సెల్స్ పెడితే వోల్టేజి 7.2కి తగ్గి మోత కొంచెం తగ్గినా, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు, ఏ ప్రమాదమూ లేదు. మొదటిసారి కట్టుకునేవారికి, ముఖ్యంగా స్కూలు పిల్లలకు, నా సలహా ఇదే.

లిథియం 18650 సెల్స్ బరువుకు తగ్గ శక్తిలో అన్నిటికన్నా ముందుంటాయి. ఒక సెల్ 3.7 వోల్టులు, నిండుగా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులు, నిజమైన సెల్ సామర్థ్యం సాధారణంగా 2000 నుంచి 3500 ఎంఏహెచ్. పైన 9900 అని ముద్రించి అమ్మేవి నకిలీవి, వాటి జోలికి పోకండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి చూడండి: మంచి సెల్ సుమారు 45 గ్రాములు తూగుతుంది, 30 గ్రాముల దగ్గర ఆగిపోయిందంటే లోపల సరుకు లేదు. ఒక్క సెల్‌కు రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 చార్జింగ్ బోర్డు చాలు; రెండు, మూడు సెల్స్‌ను వరుసగా కలిపితే అన్ని సెల్స్‌నూ విడివిడిగా గమనించే బీఎంఎస్ బోర్డు, దానికి తగిన చార్జర్ తప్పనిసరి. సెల్ మీద నేరుగా సోల్డర్ చేయకూడదు. హోల్డర్ వాడండి, లేదా స్పాట్ వెల్డింగ్ చేసిన పట్టీలు ఉన్న సెల్స్ కొనండి. ఈ జాగ్రత్తలు పాటించే ఓపిక లేకపోతే ఏఏ సెల్స్‌తోనే ఉండటం మంచిదని నిస్సంకోచంగా చెబుతాను, ఎందుకంటే లిథియం సెల్ షార్ట్ అయితే నిప్పు పుడుతుంది.

పవర్ బ్యాంక్ వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. వాడవచ్చు, కానీ చాలా పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు లాగే పరికరాన్ని ‘ఏమీ తగిలించలేదు’ అని భావించి కొన్ని సెకన్లలో ఆగిపోతాయి. పాటకు పాటకు మధ్య విరామంలో యాంప్లిఫయర్ ఆగిపోవడం ఎవరికీ నచ్చదు. ఇక యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోలకు పైగా తూగుతుంది. ఒకచోట పెట్టి వాయించేవారికి తప్ప మిగతావారికి అది భారమే.

ఐసీ

ఎల్‌ఎం386 నాలుగు నుంచి పన్నెండు వోల్టుల వరకు పనిచేస్తుంది, ఊరికే ఉన్నప్పుడు నాలుగు మిల్లీఆంపియర్లు మాత్రమే లాగుతుంది, తొమ్మిది వోల్టులు, ఎనిమిది ఓమ్‌ల మీద ఎన్-3 రకం సుమారు 700 మిల్లీవాట్లు ఇస్తుంది. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె) మామూలుగా 20. ఒకటి, ఎనిమిది కాళ్ల మధ్య పది మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 అవుతుంది. ఆ కెపాసిటర్‌తో వరుసగా ఒక కిలో ఓమ్ పొటెన్షియోమీటర్ (తిప్పి నిరోధాన్ని మార్చే భాగం) కలిపితే ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారికి కావలసిన గరుకుదనాన్ని ఎంత కావాలంటే అంత తెచ్చుకోవచ్చు. ఈ ఐసీ తన హద్దు దాటినప్పుడు వచ్చే వక్రధ్వని (డిస్టార్షన్) గిటార్‌కు నప్పుతుంది, దశాబ్దాల నాటి ఐసీ అయినా దీనిని ఇంకా వాడడానికి అసలు కారణం అదే.

దీనిని కట్టేటప్పుడు రెండు చోట్ల పొదుపు పనికిరాదు. ఆరో కాలుకు, గ్రౌండ్‌కు మధ్య వీలైనంత దగ్గరగా ఒక 220 మైక్రోఫారడ్, ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టాలి. అయిదో కాలు నుంచి గ్రౌండ్‌కు పది ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా కలపాలి. ఇవి లేకపోతే ఐసీ చెవికి వినిపించని ఫ్రీక్వెన్సీలో ఊగిసలాడుతూ, చప్పుడేమీ లేకుండానే వేడెక్కుతుంది. స్పీకర్‌ను అయిదో కాలుకు నేరుగా కలపకూడదు, మధ్యలో 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. స్పీకర్ తగిలించే ముందు మల్టీమీటర్‌తో అయిదో కాలు దగ్గర కొలిచి చూడండి: బ్యాటరీ తొమ్మిది వోల్టులైతే అక్కడ సుమారు నాలుగున్నర కనిపించాలి. సున్నా గానీ తొమ్మిది గానీ కనిపిస్తే సర్క్యూట్‌లో పొరపాటు ఉంది, అది సరిచేసేవరకు ముందుకు పోవద్దు.

పీఏఎం8403 వేరే తరహాది. గోరంత బోర్డు మీద వచ్చే ఈ క్లాస్-డి ఐసీ అయిదు వోల్టులతో, నాలుగు ఓమ్‌ల మీద ఒక్కో చానల్‌కు మూడు వాట్లు ఇస్తుందని చెబుతారు. ఆ అంకె పది శాతం వక్రతతో కలిపి ఇచ్చినది, శుభ్రంగా వాడుకోగలిగేది అంతకన్నా తక్కువ. దీని గొప్పతనం పొదుపులో ఉంది. లాగిన శక్తిలో ఎక్కువ భాగం స్పీకర్‌కే చేరుతుంది, వేడి ఉండదు, ఒక్క 18650 సెల్‌తో నేరుగా నడుస్తుంది కనుక వోల్టేజి పెంచే బోర్డు అవసరం కూడా లేదు, 3.7 వోల్టుల దగ్గర నాలుగు ఓమ్‌లలో ఒకటిన్నర వాట్లకు పైగానే వస్తుంది. దీని నియమాలు రెండు: అయిదున్నర వోల్టులు దాటకూడదు, కనుక తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ఐసీ మాడిపోతుంది, స్పీకర్ రెండు తీగలలో దేనినీ గ్రౌండ్‌కు కలపకూడదు, ఎందుకంటే రెండు వైపుల నుంచీ సిగ్నల్ వస్తుంది. స్వరం శుభ్రంగా ఉంటుంది కానీ హద్దు దాటినప్పుడు వచ్చే వక్రధ్వని చెవులకు కటువుగా ఉంటుంది. అందువల్ల అకూస్టిక్ గిటార్‌కు ఇది ఎల్‌ఎం386 కన్నా మేలు, రాక్ వాయించేవారికి మాత్రం ముందు ఒక ఎఫెక్ట్ పెడల్ ఉంటే తప్ప ఇది తృప్తినివ్వదు. వీణకు కాంటాక్ట్ మైకు అమర్చి వాయించేవారు సైతం ఈ శుభ్రమైన స్వరాన్నే కోరుకుంటారు.

పార్కులో, చర్చి ఆవరణలో, కాలేజీ మైదానంలో నలుగురికి వినిపించాలంటే వీటిలో ఏదీ చాలదు. అప్పుడు టీపీఏ3118 బోర్డు తీసుకోవాలి. అది 4.5 నుంచి 26 వోల్టుల వరకు పనిచేస్తుంది కనుక మూడు లిథియం సెల్స్ వరుస సరిగ్గా సరిపోతుంది. ఆ వోల్టేజి దగ్గర ఎనిమిది ఓమ్‌లలో ఏడెనిమిది వాట్లు, నాలుగు ఓమ్‌లలో అంతకు దాదాపు రెట్టింపు ఆశించవచ్చు. పెట్టెలో ఎనిమిది అంగుళాల మంచి స్పీకర్ పెడితే, పాడే గొంతుతో సమానంగా గిటార్ వినిపిస్తుంది.

టీడీఏ2030 మన దుకాణాలలో ఇప్పటికీ విరివిగా దొరుకుతుంది, చాలామంది దానినే సిఫారసు చేస్తారు. కరెంటు మీద నడిచే పెట్టెకు అది మంచిదే. కానీ దానికి కనీసం పన్నెండు వోల్టులు కావాలి, వేడిని తీసేసే లోహపు హీట్‌సింక్ కావాలి, ఏమీ వాయించకపోయినా సుమారు నలభై మిల్లీఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ పెట్టెకు దానిని ఎంచుకోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించలేదు. టీడీఏ2822ఎం మూడు వోల్టులకే పనిచేసే బుద్ధిమంతుడైన ఐసీ, ఎల్‌ఎం386 దొరకకపోతే వాడుకోవచ్చు.

గిటార్‌కు, ఐసీకి మధ్య

ఇంట్లో కట్టిన యాంప్లిఫయర్ మూసుకుపోయినట్లు, దుప్పటి కప్పినట్లు పలుకుతోందంటే చాలాసార్లు తప్పు ఐసీది కాదు. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ తన స్వరాన్ని పూర్తిగా ఇవ్వాలంటే ఎదురుగా సుమారు ఒక మెగా ఓమ్ నిరోధం ఉండాలి. ఎల్‌ఎం386 ఇన్‌పుట్ నిరోధం యాభై కిలో ఓమ్‌లు. పీఏఎం8403 బోర్డులలో కూడా తక్కువే. గిటార్‌ను నేరుగా తగిలిస్తే పై స్వరాలు అక్కడే అణగారిపోతాయి, ఆ తరువాత ట్రెబుల్ ఎంత పెంచినా అవి తిరిగి రావు. మధ్యలో ఒక బఫర్ (గిటార్‌కు ఎక్కువ నిరోధం చూపి, సిగ్నల్‌ను చెడకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) పెట్టడమే దీనికి మందు. దాని ఖర్చు అన్నిటికన్నా తక్కువ, అది తెచ్చే తేడా స్పీకర్ తరువాత అన్నిటికన్నా ఎక్కువ.

తొమ్మిది వోల్టుల పెట్టెలో ఒక్క జేఎఫ్‌ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) చాలు. రూబీ సర్క్యూట్‌లో ఎంపీఎఫ్102 వాడారు. మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులలో కనిపించే బీఎఫ్‌డబ్ల్యూ10 కూడా ఈ పని చేస్తుంది. లోహపు టోపీ ఉన్న ఆ ట్రాన్సిస్టర్‌కు నాలుగు కాళ్లు ఉంటాయి, నాలుగోది టోపీకి కలిసి ఉంటుంది, దానిని గ్రౌండ్‌కు కలిపితే హమ్ (గుయ్‌మనే శబ్దం) తగ్గుతుంది. పన్నెండు వోల్టుల పెట్టెలో టీఎల్072 అనే ఆప్-ఆంప్ (చిన్న సిగ్నల్స్ కోసం వాడే ఐసీ) మరింత అనుకూలం, అందులోని ఒక సగాన్ని బఫర్‌గా, రెండో సగాన్ని టోన్ కంట్రోల్‌కు వాడుకోవచ్చు. ఒక్క లిథియం సెల్ మీద నడిచే పెట్టెలో మాత్రం ఈ రెండూ సరిగా పనిచేయవు, అంత తక్కువ వోల్టేజికి ఎంసీపీ6002 వంటి ఆప్-ఆంప్ వాడాలి.

గిటార్ లోపలే తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పక్కన టోన్ మీటలు ఉన్న సెమీ-అకూస్టిక్ రకమైతే ఈ బఫర్ అవసరం లేదు, దాని ప్రీయాంప్ (గిటార్‌లోపలి చిన్న యాంప్లిఫయర్) ఆ పని ముందే చేసేస్తుంది. ఏ ప్రీయాంప్ లేకుండా పీజో పికప్ మాత్రమే ఉన్నవారికి బఫర్ మరింత అవసరం, వారు ఇన్‌పుట్ రెసిస్టర్‌ను అయిదు నుంచి పది మెగా ఓమ్‌ల వరకు పెట్టుకోవచ్చు.

ఎవరికి ఏది

ఎలక్ట్రిక్ గిటార్‌ను గదిలో, మిద్దె మీద, స్నేహితుల ఇంట్లో వాయించుకునేవారు ఆరు ఏఏ సెల్స్, జేఎఫ్‌ఈటీ బఫర్, ఎల్‌ఎం386ఎన్-3, ఎనిమిది ఓమ్‌ల ఆరు అంగుళాల పేపర్ కోన్ స్పీకర్ తీసుకోవాలి. మొదటిసారి కట్టేవారు వేరే ఏదీ ఆలోచించకుండా దీనితో మొదలుపెట్టడమే మంచిది. సెమీ-అకూస్టిక్ గిటార్‌తో పాడుకునేవారికి ఒక్క 18650 సెల్, పీఏఎం8403, నాలుగు ఓమ్‌ల కోయాక్సియల్ స్పీకర్ తేలికైన జోడీ. ఆరుబయట వినిపించాలనుకునేవారు మూడు సెల్స్, బీఎంఎస్, టీఎల్072, టీపీఏ3118 కలయికకు వెళ్లాలి, అయితే చిన్న పెట్టెను ఒకసారి పూర్తిచేసిన తరువాతే. ఈ సరుకంతా హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరులో ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. స్పీకర్‌ను మాత్రం ఆన్‌లైన్‌లో కాకుండా దుకాణంలో చేతితో పట్టుకుని, కోన్ నొక్కి చూసి కొనడం మంచిది.

ఎంపికను తేల్చే మరో అంశం హెడ్‌ఫోన్. రాత్రిపూట ఇంట్లోవారి నిద్ర చెడకుండా సాధన చేయాలనుకుంటే ఎల్‌ఎం386 పెట్టెకు హెడ్‌ఫోన్ జాక్ తేలికగా పెట్టుకోవచ్చు, మధ్యలో ఒక వంద ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే చెవికి రక్షణ. పీఏఎం8403, టీపీఏ3118 బోర్డులలో స్పీకర్ తీగలు గ్రౌండ్‌ను తాకకూడదు కనుక మామూలు హెడ్‌ఫోన్ జాక్‌ను అక్కడ కలపడానికి వీలులేదు. వాటిలో హెడ్‌ఫోన్ కావాలంటే బఫర్ తరువాత విడిగా ఒక చిన్న టీడీఏ2822ఎం సర్క్యూట్ కట్టుకోవాలి, దానికి ముందుగానే పెట్టెలో చోటు వదలాలి.